శెట్టిగారి గొంతుతో పిలిచిన బొమ్మ

మార్తాండుడు చేసిన ఇత్తడి బొమ్మ ఏ గొంతు ఒక్కసారి విన్నా అచ్చు అలాగే మాట్లాడేది. కాదన్నకొద్దీ కొత్త ఉపాయం పన్నేది. అది రాజుగారి గొంతుతో రాజుగారినే పలకరిస్తే సభంతా లేచి నిలబడింది.

"ఇది అడిగితే తెరుచుకోని తలుపు లేదు ప్రభూ," అన్నాడు మార్తాండుడు.

పట్టు వ్యాపారి పెద్దిశెట్టి గిడ్డంగి మీద పందెం పడింది. తలుపు తెరుచుకుంటే సరుకంతా మార్తాండుడిది. రాజు, మార్తాండుడు, శెట్టి ముగ్గురూ శెట్టిగారింటి పెరటి వసారాలో కూర్చున్నారు. బొమ్మ గిడ్డంగి ముందు నిలబడింది.

లోపల కాపలా ఉన్నది గంగులమ్మ. బొమ్మ శెట్టి గొంతుతో కసిరింది, బతిమాలింది. చివరికి, "గుండెల్లో నొప్పిగా ఉందే గంగులూ, తలుపు తియ్యి," అని ఏడ్చింది.

కాసేపటికి గంగులమ్మ గిడ్డంగి వెనక కిటికీ దూకి, రొప్పుతూ పెరట్లో ఉన్న శెట్టిగారి భార్య ముందు వచ్చిపడింది. "అమ్మగారూ, అయ్యగారు గిడ్డంగి గుమ్మంలో ఏడుస్తున్నారు. తలుపు తియ్యనా?" అంటూనే, ఎదురుగా కూర్చున్న శెట్టిని చూసి కొయ్యబారిపోయింది.

మార్తాండుడి ముఖం పాలిపోయింది. "అది బొమ్మ అని ఎలా కనిపెట్టావు?"

"బొమ్మా? నేను అయ్యగారే అనుకున్నాను బాబూ. దారంతా ఏడుస్తూనే వచ్చాను," అంది గంగులమ్మ కళ్లు తుడుచుకుంటూ. "కానీ ఎవరు పిలిచినా, ఇంటికొచ్చి అమ్మగారిని ఎదురుగా అడిగాకే తలుపు తీస్తాను. అయ్యగారు పిలిచినా అంతే."

బొమ్మ మాట్లాడినప్పుడు కూడా ఆసనం దిగని రాజు లేచి నిలబడ్డాడు.