తొప్పి మీది రవ్వ

ఉదయం అయిదున్నరకు అప్పలాచారిగారు అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నారు. విజయనగరంలో చాలాకాలంగా మృదంగం నేర్పుతున్న మనిషి. శిష్యుడు శ్రీపతి ఒక చంకలో మృదంగం, ఒక చేతిలో డబ్బా పట్టుకుని వచ్చాడు. రేడియో ఆడిషన్ నాలుగు రోజుల్లో ఉంది. వారంగా రాత్రీ పగలూ సాధన చేస్తున్నాడు. వారంగానే అతని ఎడమచెయ్యి వణుకుతోంది.

"గురువుగారూ, ఒంట్లో ప్రతి కణానికీ శక్తి, నరాలకు నెమ్మది అని దీని మీద రాసుందండి. పాలల్లో కలుపుకుని తాగమన్నాడు కొట్టువాడు. తాగనా?"

ఆయన పుక్కిలించి ఉమ్మి, డబ్బా అందుకుని గూట్లో పెట్టారు.

"ముందు వాయించు."

కుడివైపు బాగానే పలికింది. ఎడమవైపు, అంటే తొప్పి, అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. నాదం గంభీరంగా రావడానికి దాని నడుమ తడిపి అద్దే బొంబాయిరవ్వ ముద్ద ఎండి పెచ్చుకట్టింది. వాయించడం కాగానే ఆ ముద్ద గీకెయ్యాలన్నది మొదటి రోజు పాఠం.

"ఇది పెట్టి ఎన్నాళ్లయింది?"

"వారమండి. ఎండినప్పుడల్లా తడుపుతున్నాను. ఎప్పుడు కూర్చుంటే అప్పుడు సిద్ధంగా ఉంటుందని..."

"సిద్ధంగా ఉండీ ఉండీ చచ్చిందిరా."

ఆయనే గరిటె కాడతో గీకారు. కింద తోలు మెత్తబడి వాసన వేస్తోంది. పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలే మూల నీడన పెట్టారు.

"రేపు పొద్దుట దాకా ముట్టుకోకు."

"నాలుగు రోజులే ఉందండీ!"

"ఆ మాట దానికి చెప్పు."

గదిలో గుడ్డ తొడిగిన మృదంగాలు మరో మూడున్నాయి. ఒకటి ఇస్తారేమోనని శ్రీపతి చాలాసేపు చూశాడు. ఇవ్వలేదు. తోచక తొడ మీద తాళం వేస్తుంటే, "అదీ వద్దు," అన్నారు. గురుపత్ని పెట్టిన చద్దన్నం తిని స్తంభానికి ఆనుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఇంట్లో దీపాలు పెట్టేశారు.

మర్నాడు కొత్త రవ్వ అద్ది ఒక్క దెబ్బ వేస్తే తొప్పి గుమ్మంది. శ్రీపతి ముఖం విచ్చుకుంది. కాసేపు వాయించి, డబ్బా సంగతి మళ్లీ కదిపాడు.

"వాయించడం అయిందా? అయితే గీకు," అన్నారాయన.

ఆడిషన్ అయిన కొన్నాళ్లకు, ఆ రోజు అతనితో వయొలిన్ వాయించిన సీతారత్నంగారు వచ్చారు.

"మీవాడు పాసయ్యాడు మాష్టారూ. చెయ్యి వణకలేదు. కానీ పేరు పిలిస్తే మనిషి లేడు! వెతికితే వరండాలో బెంచీ మీద గుర్రుపెడుతున్నాడు. తట్టి లేపాం."

పక్కనే కూర్చున్న శ్రీపతి తల దించుకున్నాడు.

"మరి రవ్వ ఎప్పుడు పెట్టావురా?"

"లేచాకేనండి."

అప్పలాచారిగారు లేచి, గూట్లోంచి డబ్బా తీసి అతని చేతిలో పెట్టారు.

"ఇప్పుడు తాగితే తాగు."