ఎత్తిన చెయ్యి, వెయ్యని అడుగు

పోర్చుగల్ దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో జెనివాల్దో అనే బ్రెజిల్ డిఫెండరు ఉండేవాడు. ఆటలో ఎంత మొనగాడో, తన తప్పు ఒప్పుకోవడంలో అంత మొండివాడు.

బ్రెజిల్‌లో కాఫీ తోటల మధ్య ఒక పల్లె అతనిది. ఇరవై మూడో ఏట సముద్రం దాటి వచ్చాడు. ఆరడుగుల పైన మూడంగుళాల మనిషి. బంతి కోసం గాలిలోకి లేచాడంటే ఎదుటివాడు మెడ ఎత్తి చూడాల్సిందే. వచ్చి నాలుగేళ్ళయింది. ఎప్పటికైనా జర్మనీలో ఒక పెద్ద క్లబ్బుకు ఆడాలని ఒకటే కోరిక. ఇరవై ఏడు నిండాయి. ఆ వయసుకు పెద్ద క్లబ్బు పిలవకపోతే ఇక పిలవదని తోటివాళ్ళు అనుకునేవారు. అది తలుచుకుంటే జెనివాల్దోకు అన్నం సహించేది కాదు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ కుడిచెయ్యే ఊరుకునేది కాదు. బంతి తనను దాటి పోయిందా, చెయ్యి ఆకాశానికి లేచేది. "ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!" అని లైన్స్‌మన్ వైపు కేకలు వేసేవాడు. జెండా లేవకపోతే అదే చెయ్యి ఎడమవైపు తిరిగి, పక్కన ఆడే అమదేవును చూపించేది. "అదిగో, మన ట్రాఫిక్ పోలీసు డ్యూటీ ఎక్కాడు" అని గ్యాలరీలో జనం నవ్వుకునేవారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. వీడు ఆడగలిగీ అదే మాట అనేవాడు, అదీ చిత్రం!

ఆఫ్‌సైడ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. అవతలి జట్టువాడు మన డిఫెండర్లను దాటి ముందే వెళ్ళి నిలబడి బంతి అందుకుంటే ఆ గోల్ చెల్లదు. అందుకే, అవతలివాళ్ళు బంతిని తన్నబోయే క్షణంలో నలుగురు డిఫెండర్లూ ఒక్కసారిగా ఒక అడుగు ముందుకు వేస్తారు. ప్రత్యర్థి వాళ్ళ వెనక చిక్కుకుపోతాడు. కాకపోతే నలుగురూ వెయ్యాలి. ఒక్కడు ఆ అడుగు వెయ్యకపోయినా మిగిలిన ముగ్గురి అడుగూ వృథాయే.

అమదేవుకు ముప్పై నాలుగేళ్ళు. ఆ ఊరి జాలరి కొడుకు. ఎనిమిదో ఏట మొదటిసారి బూట్లు వేసుకున్నది ఈ క్లబ్బులోనే. మెత్తని మనిషి. ఇంకొక్క ఏడాది ఆడి, పుట్టిన ఊళ్ళోనే ఆట ముగించాలన్నది అతని ఆశ. ఆ ఏడాది ఇస్తారో లేదో సీజన్ చివర తేల్చేది కోచ్ సెరాఫిం.

ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ఆదివారం మ్యాచ్‌లో గోల్ పడితే, అది ఎవరి పొరపాటు వల్ల పడిందో ఆ మనిషి సోమవారం పొద్దున క్యాంటీన్‌లో అందరికీ కాఫీ ఇవ్వాలి. ఎవరూ ఎవరినీ లేపకూడదు. ఎవరికి వారే లేచి, ట్రే అందుకుని, "ఇది నాది" అనాలి. అంతటితో ఆ గోల్ సంగతి ముగిసినట్టే. ఇక దాన్ని ఎత్తకూడదు.

నాలుగేళ్ళలో జెనివాల్దో ట్రే ముట్టిన పాపాన పోలేదు. "మాది కాఫీ పండించే ఊరు. నేను తాగడానికి పుట్టాను, పొయ్యడానికి కాదు" అని మీసం మీద చెయ్యి వేసేవాడు.

ఆ ఏడు వసంతంలో వరసగా అయిదు వారాలు ఒకేలాంటి గోల్ పడింది. ఎడమవైపు బంతి లేవడం, ప్రత్యర్థి ఒంటరిగా దూసుకుపోవడం, జెనివాల్దో చెయ్యి లేవడం, గోల్. అయిదు వారాలూ అమదేవే ట్రే అందుకున్నాడు. క్లబ్బుకు ఉన్నది ఒకే కెమెరా. అది బంతి వెంట తిరిగేది గానీ వెనక వరస మొత్తాన్ని చూపించేది కాదు. పక్కవాడు అంత గట్టిగా చెయ్యి చూపిస్తుంటే అమదేవు తప్పు తనదేనని నమ్మేశాడు.

క్యాంటీన్ నడిపేది ఎర్మీనియా అనే పెద్దావిడ. అందరూ అమ్మా అనే పిలిచేవారు. అయిదో సోమవారం, అందరూ వెళ్ళాక, ఆమె జెనివాల్దోను ఆపింది.

"అబ్బాయ్, ఒక్కసారి ఇలా రా. ఈ కిటికీ దగ్గర నిలబడు."

వంటగది కిటికీ సరిగ్గా మైదానం పక్కన, గోల్ ముందున్న తెల్లగీతకు ఎదురుగా ఉంది. బయట రెండో జట్టు సాధన చేస్తోంది. నలుగురు డిఫెండర్లు ఒకరి పక్కన ఒకరు, దారం కట్టినట్టు కనిపించారు. ఎవడు బెత్తెడు ముందున్నాడో, ఎవడు బెత్తెడు వెనకున్నాడో చెప్పెయ్యవచ్చు.

"ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ఈ అయిదు గోల్స్‌లో మూడు ఈ పక్కనే పడ్డాయి. మూడూ చూశాను. అమదేవు అడుగు వేశాడు. మిగతా ఇద్దరూ వేశారు. వెనక మిగిలిపోయిన కాలు నీది నాయనా."

జెనివాల్దోకు చిర్రెత్తుకొచ్చింది. "దుంపలు చెక్కు తీసేవాళ్ళకు ఆఫ్‌సైడ్ ఏం తెలుస్తుందమ్మా?" అన్నాడు.

"నాకు ఆట తెలియదు. గీత తెలుసు" అంది ఎర్మీనియా, కోపం తెచ్చుకోకుండా.

అతను విసురుగా బయటికి వచ్చేశాడు. కానీ ఆ మాట వెంటపడింది. ఎందుకంటే అది నిజమని అతనికి తెలుసు. బ్రెజిల్‌లో పంతొమ్మిదో ఏట ఒక వేగంగా పరిగెత్తే ఆటగాడు అతన్ని నిండు మైదానంలో వెనక వదిలేసి పోయాడు. జనం ఈలలు వేశారు. అప్పటినుంచి పరుగులో వెనకబడతానేమోనని లోలోపల ఒక భయం. ముగ్గురూ ముందుకు అడుగు వేసినప్పుడు అతని కాలు మాత్రం వెనకే ఆగిపోయేది. భయం బయటపడకుండా చెయ్యి పైకి లేచేది. ఈ సంగతి కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు.

గురువారం కోచ్ సెరాఫిం అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టాడు.

"ఆదివారం జర్మనీ నుంచి, ఒక పెద్ద క్లబ్బు తరఫున ఒక పెద్దమనిషి వస్తున్నాడు. మన జెనివాల్దోను చూడటానికి" అన్నాడు. అందరూ బల్లలు చరిచారు.  జెనివాల్దో నాలుగేళ్ళ కల గుమ్మం దాకా వచ్చి నిలబడింది!

సెరాఫిం గొంతు తగ్గించాడు. "అమదేవూ, ఆదివారం నువ్వు కూర్చో. నీ చోట బెంతో ఆడతాడు. వచ్చే ఏడాది సంగతి కూడా... నాకు నమ్మకం తగ్గుతోంది, ఏమీ అనుకోకు." తర్వాత అందరివైపూ చూశాడు. "మన వెనక వరస గురించి ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటే ఇప్పుడే చెప్పండి."

వంటగది గుమ్మంలో ఎర్మీనియా గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఎవరికి వారే చెప్పుకోవాలన్నది ఆ క్లబ్బు ఆచారం. జెనివాల్దో వంగి బూటు తాడు కట్టుకున్నాడు. కట్టిన తాడే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. 'ఇప్పుడు చెబితే జర్మనీ పోతుంది. ఆదివారం దాటనీ, తర్వాత చెబుతా' అనుకున్నాడు. అమదేవు తల ఊపి, "మీరన్నది నిజమే కోచ్‌గారూ, నా కాళ్ళు బరువెక్కాయి" అన్నాడు. ఆ మాట విని కూడా జెనివాల్దో నోరు మెదపలేదు.

ఆదివారం వచ్చింది. సన్నగా వాన. జర్మనీ పెద్దమనిషి రెయిన్‌కోటు వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. జెనివాల్దో ఆ రోజు విజృంభించాడు. వచ్చిన బంతినల్లా తలతో తిప్పికొట్టాడు. డెబ్బై నిమిషాలు చీమను కూడా పోనివ్వలేదు.

డెబ్బై ఒకటో నిమిషంలో ఎడమవైపు బంతి లేచింది. బెంతో అడుగు ముందుకు వేశాడు. మిగతా ఇద్దరూ వేశారు. జెనివాల్దో కాలు ఆగిపోయింది. ప్రత్యర్థి అతని పక్కనుంచి దూసుకుపోయాడు. అతను ఇంకా రెండడుగుల దూరంలోనే ఉన్నాడు, వెనక్కి తిరిగి పరిగెత్తితే అందేవాడే. కానీ మన వీరుడు పరిగెత్తలేదు. పాతిన స్తంభంలా నిలబడి చెయ్యి ఎత్తాడు. జెండా లేవలేదు. గోల్ పడింది. ఎత్తిన చెయ్యి అలవాటు ప్రకారం ఎడమకు తిరిగి బెంతోను చూపించింది.

 గ్యాలరీ పైనుంచి ఎవరో గట్టిగా అరిచారు:

"ఓరి నాయనో! ఎడమపక్క మనిషి మారాడు, గోల్ మారలేదు, ఆ చెయ్యి మారలేదు!"

జనం ఘొల్లుమన్నారు. మైదానం బయట బెంచీ మీద కూర్చున్న అమదేవు మాత్రం నవ్వలేదు. సెరాఫిం మొహం చిట్లించి, మొదటిసారి జెనివాల్దో పాదాల వైపు చూశాడు. మ్యాచ్ ఓడిపోయారు.

ఆట అయ్యాక జర్మనీ పెద్దమనిషి నడవాలో జెనివాల్దో కోసం ఆగాడు. వచ్చీరాని పోర్చుగీసులో నెమ్మదిగా మాట్లాడాడు.

"నీ అడుగు వెనక ఉండిపోయింది. అది పెద్ద జబ్బు కాదు, నెల రోజుల్లో దిద్దుతాం. బంతి దాటాక కూడా నీకు పరిగెత్తే వ్యవధి ఉంది. దాన్ని చెయ్యెత్తడానికి వాడుకున్నావు. తర్వాత ఏ పాపమూ ఎరగని మనిషిని చూపించావు. దాన్ని దిద్దేవాళ్ళు మా దగ్గర లేరు నాయనా."

భుజం తట్టి వెళ్ళిపోయాడు. జెనివాల్దో నడవాలోనే కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. జర్మనీ పోయినందుకు కొంత. ఆ పెద్దమనిషి మొదటి చూపులోనే పట్టేసిన సంగతి తను ఎనిమిదేళ్ళు దాచిపెట్టినందుకు కొంత. వాన ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు.

సోమవారం పొద్దున క్యాంటీన్‌లో బెంతో పాపం తప్పు తనదే అనుకుని ట్రే కోసం లేవబోయాడు. జెనివాల్దో అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఈ కాఫీ నాది" అన్నాడు.   "దీనికి ముందు అయిదూ నావే. అమదేవు అన్న ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. అడుగు వెయ్యనిది నేను. పరుగులో వెనకబడతానని నాకు భయం."

సెరాఫిం బల్ల మీద గట్టిగా కొట్టాడు. "గురువారం అడిగానే! అప్పుడు నీ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"జర్మనీ పోతుందని ఊరుకున్నాను కోచ్‌గారూ."

"మరి ఇప్పుడు?"

"పోయింది."

ఎవరూ నవ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. జెనివాల్దో ట్రే తీసుకుని మొదటి కప్పు అమదేవు ముందు పెట్టాడు. అలవాటు లేని పని, సగం కాఫీ సాసర్‌లో ఒలికింది.

అమదేవు ఆ కప్పు దగ్గరికి లాక్కున్నాడు. "నా కాళ్ళు ముసలివైపోయాయని నేనే నమ్మేశాను తమ్ముడూ. ఇక చాలించేస్తానని ఇంట్లో మా ఆవిడతో కూడా చెప్పేశాను. ఆమె ఏడ్చింది. గురువారం నువ్వు ఒక్క మాట అని ఉంటే ఆమె ఏడ్చేది కాదు."

"క్షమించు అన్నా."

అమదేవు కాఫీ ఒక గుక్క తాగాడు. మొహం వికారంగా పెట్టాడు. "కాఫీ పండించే ఊరు అన్నావు. చక్కెర వెయ్యాలని కూడా తెలియదా?"

అప్పుడు అందరూ నవ్వారు. జెనివాల్దో మిగిలిన అయిదు విడతలు కూడా అప్పుడే ఇచ్చేస్తానని గబగబా కూజా అందుకున్నాడు. ఎర్మీనియా చేతిమీద ఒక్కటి వేసింది. "ఒరే, ఒక్కపూట ఆరేసి కప్పులు తాగితే వీళ్ళు ఎల్లుండి దాకా నిద్రపోరు. రోజుకొకటి ఇవ్వు" అంది. అలా ఆ వారమంతా అతనే కాఫీ ఇచ్చాడు.

సీజన్ చివరి మ్యాచ్ డ్రా అయినా చాలు, ఓడితే మాత్రం కింది డివిజన్‌కు జారిపోవడమే. సెరాఫిం అమదేవును మళ్ళీ ఎడమపక్క ఆడించాడు. ఎనభై ఎనిమిదో నిమిషం దాకా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు బంతి లేచింది. నలుగురూ అడుగు వేశారు. జెనివాల్దో కూడా వేశాడు. అయినా సరిగ్గా బంతి లేచిన క్షణంలోనే కదిలిన ఒక వేగమైన ప్రత్యర్థి తప్పించుకుని పోయాడు. జెండా లేవలేదు. జెనివాల్దో చెయ్యి భుజం దాకా లేచింది.

"చెయ్యి కాదురా, కాళ్ళు!" అని అమదేవు అరిచాడు.

చెయ్యి దిగింది. జెనివాల్దో వెనక్కి తిరిగి ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరిగెత్తాడు. ఎనిమిదేళ్ళుగా భయపడ్డ పరుగు అదే. గోల్ గీత ముందు తడిగడ్డి మీద జారి, బూటు కొనతో బంతిని బయటికి తన్నాడు. వంటగది కిటికీలో ఎర్మీనియా గరిటె గాలిలో ఊపింది. మ్యాచ్ డ్రా అయింది. క్లబ్బు నిలబడింది. అమదేవుకు అతను కోరుకున్న ఏడాది దక్కింది.

జర్మనీ నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. జెనివాల్దో ఆ చిన్న ఊళ్ళోనే ఇంకో ఏడేళ్ళు ఆడాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. గోల్ పడిన సోమవారాల్లో చాలాసార్లు ట్రే అతని చేతిలోనే కనిపించేది. కొత్తగా వచ్చిన డిఫెండర్లను ముందు మైదానానికి కాదు, వంటగది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళేవాడు.

నీతి: పక్కవాడి తప్పు చూపడానికి చెయ్యెత్తే ముందు నీ కాలు ఎక్కడుందో చూసుకో, తప్పు నీదైతే, దానికి ఇంకొకడు నష్టపోకముందే ఒప్పుకో.