హాల్లో బాక్సు

మందాకినికి సొంతంగా దొరికిన మొదటి పని అది. ఆ ఇంటికి రావడం మూడు రోజుల్లో ఇది మూడోసారి. వీణ టీచర్ వైజయంతిగారి ఆన్‌లైన్ పాఠం నాలుగింటికి. ఇవాళ కూడా మధ్యలో తెగితే వేరేవాళ్లని పిలుచుకుంటానని ఆవిడ మర్యాదగానే చెప్పేసింది.

టైము మూడూ నలభై.

పొడుగాటి ఇల్లు. ముందు హాల్లో ఒక వైఫై బాక్సు, పాఠం చెప్పే వెనక గదిలో ఇంకొకటి బిగించింది మందాకిని. దేని కేబుల్ దానిదే. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. సిగ్నల్ పవర్ రెండింట్లోనూ నూటికి నూరు. అయినా వెనక గదిలో బొమ్మ ఆగిపోతోంది, మాట తెగిపోతోంది.

ఇక ఉండబట్టలేక, తనకి పని నేర్పిన మస్తాన్ వలీకి మూడింటికే ఫోన్ చేసింది. ఆయన స్కూటర్ దిగాడో లేదో, గుమ్మంలోనే అందుకుంది.

"ఉస్తాద్, కేబుల్ మార్చా. ఛానెల్ మార్చా. పవర్ ఫుల్లు పెట్టా. ఇంకేం మిగిలింది? తప్పంతా టీచర్‌గారి ఫోన్‌దే. ఆ మాట మీరే చెప్పండి ఆవిడకి."

"మంచినీళ్లున్నాయా?"

"ఇరవై నిమిషాలే ఉంది ఉస్తాద్!"

"దాహం కూడా ఇప్పుడే ఉందమ్మా."

వైజయంతిగారు నవ్వు ఆపుకుంటూ గ్లాసు అందించింది. ఆయన తాగేలోగా మందాకిని హాలుకీ గదికీ మధ్య నాలుగుసార్లు తిరిగింది.

ఆయన గ్లాసు కింద పెట్టి, ఎవరికైనా వీడియో కాల్ చెయ్యమన్నాడు టీచర్‌ని. శిష్యురాలొకతె తెర మీదికి వచ్చింది. నోరు తెరిచింది, తెరిచినట్టే ఆగిపోయింది.

మస్తాన్ వలీ హాల్లోకి నడిచి, అక్కడి బాక్సు ప్లగ్గు పీకేశాడు.

"అయ్యో! పనిచేసేదే అదొక్కటి ఉస్తాద్! అది కూడా ఆపేస్తే..."

కాల్ తెగింది. రెండు క్షణాలకి మళ్లీ కలిసింది.

"టీచర్, ఇప్పుడు బాగా వినిపిస్తున్నారు!"

వైజయంతిగారు తీగ మీటింది. తెర మీద ఆ పిల్ల తల ఆడించింది.

మందాకిని తలెత్తి టీచర్ నెత్తి మీది బాక్సుకేసి చూసింది. మూడు రోజులుగా ఫోన్ దీని కిందే ఉంది. ఉండి కూడా, ఎక్కడో హాల్లో ఉన్నదాన్ని పట్టుకుని వేలాడింది!

"ప్లగ్గు పెట్టెయ్యి," అన్నాడాయన.

పెట్టింది. కింద చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. హాల్లో బాక్సు, పవర్, వంద. వేలు ఆ అంకె మీద ఆగింది.

"దీన్ని ఎంతకి తగ్గించను ఉస్తాద్?"

"పక్కదాని మాట కూడా వినబడేంతకి."