దిగినయ్య లంక

పూర్వం గోదావరి తీరాన చెలమకోట అనే చిన్న రాజ్యాన్ని మాచభూపతి అనే ప్రభువు పాలించేవాడు. ఆయన ధర్మాత్ముడే గాని, ఒక సందేహం ఆయనను స్థిమితంగా అన్నం తిననిచ్చేది కాదు. భగవంతుడు సర్వత్రా నిండి ఉన్నాడంటే మన లోపలా ఉన్నట్టే కదా, అప్పుడు మనం ఆయనలో భాగమా, లేక ఆయన వేరు మనం వేరా అన్నదే ఆ సందేహం. ఒక్క ఏడాదిలో ముప్పై ఆరుగురు పండితులను పిలిపించి అడిగితే, పద్దెనిమిది మంది భాగమే అన్నారు, పద్దెనిమిది మంది కాదన్నారు. ముప్పై ఏడో పండితుణ్ణి పిలిచే ఓపిక లేక, జనార్దనస్వామికి ఆలయం కట్టిస్తే ఆ స్వామే తేలుస్తాడని ప్రభువు నిశ్చయించుకున్నాడు.

శ్రావణమాసంలో ప్రతిష్ఠకు ముహూర్తం కుదిరింది. ఎగువ కొండల్లో మలచిన విగ్రహాన్ని తెచ్చే భారం అర్చకుడు కేశవభట్టుది, పడవ పోతయ్య అనే పల్లెకారుది. స్వామి లేకుండా ఒడ్డెక్కితే ఇద్దరూ రాజ్యం విడిచి పోవలసిందేనని ప్రభువు ముందే చెప్పి ఉన్నాడు. పోతయ్య పడవ పక్కన జాజుతో గీసిన ఎర్రగీత ఒకటి ఉండేది. నీరు ఆ గీతను తాకేదాకా బరువు ఎక్కించవచ్చు, గీత మునిగితే మాత్రం రాజు ఎక్కినా దింపవలసిందేనన్నది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. ఆ పడవ మోసేది పద్నాలుగురి బరువు. విగ్రహం ఐదుగురి బరువు ఉంది, మనుషులు తొమ్మిదిమంది. లెక్క సరిపోయి పడవ బయలుదేరింది.

మిట్టమధ్యాహ్నానికి వరద పొంగింది. దారిలో ఒక లంక మీద దోసపాదులు, పాకలు అన్నీ కొట్టుకుపోగా, మిగిలిన మెరక మీద గంగాలు అనే ముసలామె, ఆమె ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు నిలబడి చేతులు ఊపుతున్నారు. పోతయ్య పడవను మెరకకు ఆనించి, నీటిని గెడతో కొలిచి చూశాడు.

“అయ్యవారూ, మెరక మునగడానికి రెండు జానలే ఉందండి. నీరు గడియకో జాన లేస్తోంది. మనం ఒడ్డుకు పోయి రావాలంటే ఆరు గడియలండి,” అన్నాడు.

“ఐదుగురే కదా పోతయ్యా, ఎలాగో సర్దలేమా?”

“సర్దితే పంతొమ్మిది అవుద్దండి. అందరం స్వామి దగ్గరికే పోతామండి, గుడికి మాత్రం కాదండి.”

గంగాలు ఆ మాట విని, “ఐదుగురంటావేంటి నాయనా, ఆరుగురం. చిన్నకోడలికి నెలలు నిండాయి,” అంది.

“కడుపులో ఉన్నంతకాలం అది తల్లి లెక్కలోదే గదమ్మా.”

“తల్లి లెక్కలోదే గానీ, తన్నడం మాత్రం దాని ఇష్టమే,” అంది గంగాలు.

అంతటి ఆపదలోనూ చిన్నకోడలు కడుపు పట్టుకుని నవ్వింది. కేశవభట్టు ఆ తల్లిని చూశాడు, విగ్రహాన్ని చూశాడు, తర్వాత ఎర్రగీతను చూశాడు. పసుపు పూసిన స్వామి పాదాలకు నమస్కరించి, “పోతయ్యా, స్వామిని దింపించు,” అన్నాడు.

పోతయ్య నిర్ఘాంతపోయి, “ప్రభువు మనల్ని ఊళ్ళో ఉండనిస్తాడాండి?” అన్నాడు.

“ఉండనివ్వకపోతే పోదాం. ఈయన ఇక్కడా ఉంటాడు, అక్కడా ఉంటాడు. వీళ్ళు ఒక్కచోటే ఉండగలరు.”

తొమ్మిదిమందీ పట్టి స్వామిని మెరక మీద నిలిపారు, ఐదుగురూ పడవ ఎక్కారు. నీరు మళ్ళీ సరిగ్గా గీత దగ్గరే ఆగింది. పడవ కదిలాక గంగాలు, “సామిని దింపి మమ్మల్ని ఎక్కించావు, ఒడ్డున హారతి ఎవరికిస్తారయ్యా?” అని అడిగింది. “నీకే ఇప్పిస్తాలే, కదలకుండా కూర్చో,” అన్నాడు భట్టు.

ఒడ్డున పూర్ణకుంభంతో, మేళతాళాలతో ఎదురుచూస్తున్న మాచభూపతి పడవలోకి తొంగి చూసి, “స్వామి ఏరి?” అన్నాడు. మేళం ఆగిపోయింది.

“వచ్చారు ప్రభూ. గీత చూడండి, ఒక్క మనిషి బరువైనా తగ్గలేదు,” అని భట్టు జరిగినదంతా విన్నవించి, “మీ ప్రశ్నకు ఈ ముసలమ్మ జవాబు చెప్పింది. కడుపులోని బిడ్డ తల్లి లెక్కలోదే, తన్నడం మాత్రం దాని ఇష్టం. మనమూ స్వామిలో అలాగే ఉన్నామని నాకు తోచింది. తప్పయితే దండన నాది, పోతయ్యది కాదు,” అన్నాడు.

ప్రభువు చిన్నకోడలిని చూశాడు. పిమ్మట పళ్ళెం అందుకుని, స్వయంగా గంగాలుకు హారతి ఇచ్చాడు. పడవలో తానన్న మాట గుర్తుకొచ్చి గంగాలు ఆ కర్పూరపు వెలుగులో పగలబడి నవ్వింది. ప్రభువూ నవ్వాడు, ఆగిన మేళం మళ్ళీ అందుకుంది.

మూడోరోజుకు వరద తీసింది. వెళ్ళి చూస్తే, పాకల గుంజలు కూడా మిగలని ఆ లంక మీద స్వామి నిలిపినచోటే నిలిచి ఉన్నాడు, పాదాల పసుపు చెదరలేదు. ఎంతో కష్టం మీద ఖాళీ పడవలోకి ఎక్కిస్తే, నీరు ఒక్కసారిగా ఎర్రగీత దాకా వచ్చింది. పోతయ్య ఒక కాలు లోపల పెట్టాడో లేదో గీత మునిగింది.

“మొన్న ఐదుగురి బరువండి, ఇవాళ పద్నాలుగురండి. ఆయన వస్తే నేను దిగాలి, నేనెక్కితే ఆయన దిగాలి,” అన్నాడు పోతయ్య.

ఆనాడు పడవ దాటినవారు తొమ్మిదీ ఐదూ పద్నాలుగురేనని కేశవభట్టుకు స్ఫురించి ఒళ్ళు పులకరించింది. తాము లంక మీద వదిలిపోయామనుకున్న స్వామి, తమనందరినీ తనలోనే ఉంచుకున్నాడని గ్రహించి, ఆయనను మళ్ళీ దింపి అక్కడే ప్రతిష్ఠించాడు. అలా రెండుసార్లు పడవ దిగిన స్వామి దిగినయ్య అయ్యాడు, ఆ చోటు దిగినయ్య లంక అయింది.

చెలమకోట ఒడ్డున కట్టిన ఆలయంలో నేటికీ విగ్రహం లేదు, పీఠం మాత్రమే ఉంది. ఏటా శ్రావణంలో ఎర్రగీత గీసిన పడవ ఒకటి లంకకు వెళ్ళి, అక్కడివారిని ఐదుగురిని తీసుకువచ్చి ఆ పీఠం మీద కూర్చోబెడుతుంది. వారిలో ఒకరు గర్భవతి అయి ఉండాలి. హారతి ఇచ్చినప్పుడు ఐదుగురూ నవ్వాలి, నవ్వేదాకా అర్చకుడు పళ్ళెం దించడు. ఆ తర్వాత తీర్థం ఇస్తారు. మనుషులను ఐదుగురిగానే లెక్కపెడతారు గాని, తీర్థం మాత్రం ఆరు ఉద్ధరిణెలు పోస్తారు.