పదిహేడో ముల్లు

వాగుమలుపు బోధనాసుపత్రి మెట్టెక్కిన రోజున పైడన్న దగ్గర ఉన్నవి పదిహేడు తుమ్మముళ్ళు, ఆకుదొన్నెలో చుట్టిపెట్టుకున్న కాస్త సాలెగూటి దారం. అంతే. అన్నీ కలిపి తూచినా చింతగింజ బరువుండవు.

పైడన్న దర్జీపిట్ట. రెండు ఆకుల అంచులు దగ్గరికి లాగి, ముక్కుతో పొడిచి, దారం ఎక్కించి గూడు కట్టుకునే వంశం వాళ్ళది. వాళ్ళ నాన్న ఆకులు కుట్టాడు, తాతా ఆకులే కుట్టాడు. ఒక వానాకాలం ముళ్ళకంచెలో చిక్కుకుని చెవి చీరుకుపోయిన కుందేలును చూసి, ఆకు కుట్టగా లేనిది చెవి కుట్టలేనా అనుకున్నవాడు మాత్రం పైడన్న ఒక్కడే. ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది తొమ్మిది గాయాలు కుట్టాడు. రెండో ఏడాది ముప్ఫై ఒకటి, మూడో ఏడాది అరవై నాలుగు. మొత్తం నూట నాలుగు. అందులో ఆరు మళ్ళీ విచ్చుకున్నాయి. ఆ ఆరూ ఎవరివో, ఎందుకు విచ్చుకున్నాయో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలడు.

ఆసుపత్రి అంటే వాగు మలుపులో ఓ పెద్ద గుహ, దాని ముందు చదునైన నల్లబండ. అడవిలో జబ్బు చేసిన ప్రాణులన్నీ అక్కడికే వస్తాయి. వైద్యం నేర్చుకోవాలనుకున్న ఉడుతలూ ముంగిసలూ కొండముచ్చులూ అక్కడే చదువుకుంటాయి. అధిపతి కూర్మయ్యగారు. తాబేలు. ఆయన వయసెంతో ఆయనకే గుర్తు లేదు.

ఆ ఏడు పాఠం చెప్పే సర్జన్ల కుర్చీలు రెండు ఖాళీ అయ్యాయి. ఎముకల కుర్చీకి తూర్పుకొండ నుంచి వడ్రంగిపిట్ట గవరమ్మను పిలిచారు. గాయాల కుర్చీకి పైడన్నను పిలిచారు. అయితే పిలిచినంత మాత్రాన కుర్చీ దక్కదు. అక్కడి పద్ధతి వేరు. కొత్త సర్జన్ ముందు అందరి ఎదుటా బండ మీద ఒక రోగికి వైద్యం చెయ్యాలి. టేకుచెట్టు నీడ బండ మీది తెల్లచారను దాటేలోగా పని ముగించాలి. ముగిస్తే మోదుగపూల దండ, కుర్చీ. ముగించలేకపోతే ఆ కుర్చీ జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

తర్వాతి పేరు నక్క జంబులయ్య మేనల్లుడిది.

స్వాగత సంఘానికి పెద్ద కూడా జంబులయ్యే. తోరణాలు కట్టించడం, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపించడం, దండ కొమ్మకు వేలాడదీయడం ఆయన పని. దండ పడగానే వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో వైద్యం జరిగే చోట పట్టుమని పది నిమిషాలు నిలబడ్డ పాపాన పోలేదు.

పొద్దున్నే గవరమ్మ తన పని చూపించింది. కాలు విరిగిన జింకకు వెదురు బద్దలు కట్టి, నీడ చారకు జానెడు దూరంలో ఉండగానే ముగించింది. దండ ఆమెకు మరీ పెద్దదైంది. మెడలో రెండు చుట్లు వేసుకుని, అయినా కాళ్ళకు తగులుతుంటే తొక్కకుండా గెంతుతోంది.

"తమ్ముడూ, నీ వంతు," అంది పైడన్నతో. "కంగారు పడకు. ఈ జనమంతా మనకన్నా ఎక్కువ కంగారుగా ఉన్నారు."

జంబులయ్య దగ్గరికొచ్చి ముళ్ళవైపు చూశాడు.

"పదిహేడేనా తమ్ముడూ? ఇంత పెద్దాసుపత్రికి వస్తూ ఓ యాభైయినా తెచ్చుకోవద్దూ?"

"ఒక గాయానికి అంతకన్నా ఎప్పుడూ పట్టలేదండి. ఎక్కువుంటే చూపు చెదురుతుంది."

"పాపం," అన్నాడు జంబులయ్య, చాలా ప్రేమగా.

రోగిని తీసుకొచ్చారు. పోలయ్య అనే ఎద్దు. అడవి అంచు పొలంలో పనిచేస్తాడు. అడవిపంది కోరతో డొక్క చీల్చింది. జానా నాలుగు వేళ్ళ పొడవు గాయం.

పోలయ్య తల తిప్పి పైడన్నను ఎగాదిగా చూశాడు. "బాబూ, నీ ఆకారం చూస్తే ఆ గాయంలోనే తప్పిపోయేట్టున్నావు."

"తప్పిపోను మావయ్యా. కదలకుండా ఉంటే నీడ చార చేరేలోగా బయటికొచ్చేస్తాను."

"కదలకుండా ఉండటం నాకు నేర్పక్కర్లేదు. పన్నెండేళ్ళు నాగలి కట్టాను."

పసుపు నీళ్ళతో గాయం కడిగించి, పైడన్న పని మొదలుపెట్టాడు. చీలిన అంచులు దగ్గరికి లాగి, వేలి మందం ఎడంలో ముల్లు గుచ్చి నిలబెట్టాడు. పదిహేడు ముళ్ళూ వరసగా నిలిచాయి. ఇక దారం. ముక్కుతో పొడిచి, లాగి, ముడేసి, ముందుకు గెంతి, మళ్ళీ పొడిచి. కుట్టు పడ్డచోట ముల్లు పీకి పక్కన పరిచిన టేకాకు మీద పెట్టడం. నోరు ఖాళీ లేదు కాబట్టి లెక్కంతా మనసులోనే. చుట్టూ కూర్చున్న విద్యార్థులు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నారు. కుట్టు చూస్తుంటే గాయం చీలినట్టు కాక, ఎప్పుడూ అతికే ఉన్నట్టుంది.

"అయ్యో, ఈగలు వాలుతున్నాయి," అంటూ జంబులయ్య లేచొచ్చాడు. కుచ్చుతోకతో అటూ ఇటూ విసిరాడు. తోక ఓసారి టేకాకును కూడా తుడిచిపోయింది. పైడన్న కళ్ళు గాయం మీదే ఉన్నాయి.

చివరికి ఒక్క ముడి మిగిలింది. నీడ తెల్లచారకు ఇంకా రెండు వేళ్ళ దూరంలో ఉంది. గవరమ్మ అప్పుడే రెక్కలు టపటపలాడించబోయింది.

పైడన్న ముడి వెయ్యలేదు. ఆకు దగ్గరికి గెంతి ముళ్ళు లెక్కపెట్టాడు. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాడు, ఈసారి కుడి నుంచి ఎడమకు. పదహారే.

జంబులయ్య పక్కకు వంగి చెవిలో గొణిగాడు. "ఏమైంది తమ్ముడూ, ఒకటి తగ్గిందా? పదిహేడని చెప్పేసి ముడి వేసెయ్. ఎవరు చూడొచ్చారు? దండ అదిగో, ఊగుతోంది. నీ మంచి కోరి చెబుతున్నా."

పైడన్న దండవైపు చూశాడు. నీడవైపు చూశాడు. లెక్కలు అతని బుర్రలో వాటంతటవే జరిగిపోతాయి, ఆపినా ఆగవు. ముడి వెయ్యడానికి అర వేలు నీడ చాలు. గాయం విప్పి వెతికి మళ్ళీ కుట్టాలంటే నాలుగు వేళ్ళు కావాలి. ఉన్నది రెండు. అంటే కుర్చీ పోయినట్టే. కానీ విచ్చుకున్న ఆ ఆరు గాయాల్లో మొదటిది ఒక ముసలి దుప్పిది. ముల్లు ఒకటి లోపలే ఉండిపోయింది. ఆ రోజు పైడన్న లెక్కపెట్టలేదు. ఎనిమిదో రోజున దుప్పి జ్వరంతో వణుకుతూ, కుట్టినవాణ్ణి ఒక్క మాట కూడా అనకుండా చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"పదహారే ఉన్నాయి," అన్నాడు గట్టిగా. "ఒక ముల్లు తగ్గింది. అది మావయ్య ఒంట్లో లేదని తేలేదాకా ముడి వెయ్యను."

బండంతా గుసగుసలు. "మొదటి రోజే ముల్లు పోగొట్టాడటగా" అని ఎవరో అన్నారు.

అప్పుడు కూర్మయ్యగారు డిప్పలోంచి తల బయటపెట్టారు. పొద్దుటినుంచీ ఆయన నిద్రపోతున్నారనే అందరూ అనుకున్నారు.

"లెక్క తగ్గిందా నాయనా?"

"తగ్గిందండి. ఒకటి."

"అయితే మన ఆసుపత్రి నియమం అందరికీ తెలుసుగా. ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి. ముల్లు దొరికేదాకా ఎవరూ లేవకూడదు, అడుగు కదపకూడదు. గవరమ్మా, నువ్వు ఎముకల దానివి. నీకు లోపలి చప్పుడు తెలుస్తుంది. కాస్త సాయం చెయ్యి తల్లీ."

గవరమ్మ దండ తీసి పక్కన పెట్టి, ఎద్దు డొక్క మీద వాలింది. పైడన్న నాలుగు కుట్లు విప్పి లోపల వెతుకుతుంటే, ఆమె వేలెడు వేలెడు దూరంలో ముక్కుతో మెల్లగా తట్టి చెవి ఒగ్గి విన్నది.

"తల్లీ, గిలిగింతలు పెడుతున్నావు," అన్నాడు పోలయ్య.

"నవ్వకు బావా, చప్పుడు కలిసిపోతుంది." ఆమె చివరి పక్కటెముక దాకా తట్టి తలెత్తింది. "లోపల లేదు తమ్ముడూ. చెట్టు బెరడు కింద పురుగును పట్టే చెవి ఇది. నా మాట నమ్ము. నీ ముల్లు బయటే ఉంది."

"నీడ చార దాటింది," అన్నాడు జంబులయ్య. ఆ మాటలో బాధ తప్ప అన్నీ ఉన్నాయి. "ఏం చేస్తాం. నియమం నియమమే. మావాణ్ణి పిలవమంటారా?"

పైడన్న చూశాడు. నిజమే, నీడ తెల్లచార మీదుగా పాకి అవతల పడింది. మూడేళ్ళు, నూట నాలుగు గాయాలు, కొమ్మకు ఊగుతున్న ఆ దండ. అయినా నాలుగు కుట్లూ తిరిగి వేసి, చివరి ముడి వదిలేసి, బండ మీదికి దిగాడు. ముల్లు లోపల లేదంటే బయట ఎవరి దగ్గరో ఉండాలి. అలవాటు కొద్దీ ఆ జనాన్నీ లెక్కపెట్టాడు.

"కూర్మయ్యగారూ, ఇక్కడ మొత్తం నలభై ముగ్గురున్నారు కదండీ?"

"ఉండొచ్చు నాయనా. నేను లెక్కపెట్టలేదు."

"నేను పెట్టాను. కూర్చున్నవాళ్ళు నలభై ఇద్దరు. జంబులయ్యగారు ఒక్కరే నిలబడి ఉన్నారు."

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి.

"నిలబడటం నాకు అలవాటు," అన్నాడు జంబులయ్య. "స్వాగత సంఘం పెద్దను. నేను కూర్చుంటే పనులెవరు చూస్తారు?"

"నియమం అందరిదీ," అన్నారు కూర్మయ్యగారు. "కూర్చో."

"నడుం నొప్పండి."

"మంచి చోటే నొప్పొచ్చింది. వైద్యం ఇక్కడే. కూర్చో జంబులయ్యా."

నలభై రెండు జతల కళ్ళు చూస్తుంటే జంబులయ్యకు తప్పలేదు. మెల్లగా, మంచుగడ్డ మీద కూర్చునేవాడిలా, తోకను ఓ పక్కకు సర్దుకుంటూ కూర్చోబోయాడు. కుచ్చుతోక ఎంత సర్దినా పూర్తిగా పక్కకు పోదు కదా. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గాల్లోకి లేచాడు. ఆ కేక వాగు అవతల గట్టున మేస్తున్న మేకలకు కూడా వినిపించింది.

పైడన్న పరుగున వెళ్ళాడు. "కదలకండి, ఇంకా లోపలికి దిగుతుంది," అని చెప్పి, ముక్కుతో ఒడుపుగా పట్టి, నక్క పిరుదులోంచి ముల్లు లాగాడు. వాగులో కడిగి తెచ్చి టేకాకు మీద పెట్టాడు.

"పదిహేడు."

తర్వాత ఎద్దు దగ్గరికెళ్ళి చివరి ముడి వేశాడు. పోలయ్య తల తిప్పి కుట్టు చూసుకున్నాడు. "బాబూ, ముల్లు నాలోనే వదిలేసి ముడేసుంటే నాకు తెలిసేదే కాదు కదా."

"ఎనిమిదో రోజున తెలిసేది మావయ్యా."

పోలయ్య గరుకు నాలుకతో అతని తల ఒకసారి నిమిరాడు. ఆ ఊపుకి పైడన్న కింద పడబోయి నిలదొక్కుకున్నాడు.

"మరి నీడ?" అన్నాడు జంబులయ్య, ఇంకా నిలబడే. ఈసారి నిజంగానే కూర్చోలేడు.

"నీడతో కొలిచేది సర్జన్ పనిని. నీ తోక పనిని కాదు," అన్నారు కూర్మయ్యగారు. "పదిహేడని అబద్ధమాడి ఉంటే, ఆ ముల్లు అందరికీ చూపించి కుర్చీ లాగేద్దామనుకున్నావు. అతను లెక్క మొదలుపెట్టినప్పుడు రెండు వేళ్ళ నీడ ఉంది, ఒక్క ముడి మిగిలింది. నేను నిద్రపోతానని మీరంతా అనుకుంటారు గానీ, కళ్ళు మూసుకుంటే నాకు బాగా కనిపిస్తుంది." ఆయన విద్యార్థులవైపు తిరిగారు. "ఈ బండ మీద చాలా చేతులు చూశాను. కుట్టడం వచ్చినవాళ్ళు చాలామందే వచ్చారు. దండ కళ్ళెదుట ఊగుతుండగా 'ఒకటి తగ్గింది' అని నోరారా చెప్పినవాణ్ణి ఇదే చూడటం. ఇలాంటివాడు మన దగ్గర పాఠం చెప్పబోతున్నాడంటే ఈ ముసలి డిప్ప ఇవాళ గర్వంతో కాస్త బిగువుగా ఉంది."

దండ గవరమ్మే వేసింది. పైడన్న అందులో ముక్కు దాకా మునిగిపోయాడు. పువ్వుల్లోంచే మాట్లాడాడు.

"నా తప్పు కూడా ఒకటుందండి. మనసులో లెక్కపెట్టుకున్నాను. నోటితో అని ఉంటే ఇందరు సాక్షులుండేవారు. పీకినవి పదిహేడని అందరికీ తెలిసేది, మావయ్య కుట్లు విప్పాల్సిన పనే ఉండేది కాదు. రేపటినుంచి ముల్లు తీసేది నేను, లెక్క అనేది మరొకరు. ఆకు పట్టుకునేవాళ్ళు ఒకరు కావాలి."

"ఉన్నాడుగా," అన్నారు కూర్మయ్యగారు. "నిలబడటం అలవాటున్నవాడు."

అలా ఆ ఋతువంతా ఆకు పట్టుకుని నిలబడే పని జంబులయ్యకు పడింది. మేనల్లుణ్ణి మొదటి ఏడాది తరగతిలో చేర్చుకున్నారు. వాడు మాత్రం సంతోషించాడు. వాడికి మొదటినుంచీ కుర్చీ కన్నా చదువే కావాలట, మేనమామ అడగనివ్వలేదట.

గుహ గోడ మీద ఉడుతలు కొత్తగా ఒక మాట చెక్కాయి: తగ్గిన లెక్కను దాచనివాడి చేతిలోనే ప్రాణం పెట్టొచ్చు.

మర్నాడు పొద్దున్నే చెవి తెగిన అడవిపిల్లి వచ్చింది. నూట ఆరోది. విద్యార్థులు గుండ్రంగా కూర్చున్నారు, గవరమ్మ ముందు వరసలో. జంబులయ్య ఆకు పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా గొంతు సవరించుకున్నాడు. పైడన్న దండ తీసి కొమ్మకు తగిలించి, మొదటి ముల్లు ముక్కున పట్టి, "ఒకటి" అనే మాట కోసం ఆగాడు.