అమ్మ పేరు

ఇటలీలో ఒక కొండ మీది మఠంలో తుల్లియో సన్యాసిగా చేరి ఆరేళ్లయింది. అన్నీ వదులుకున్నాడు గాని, తండ్రి మీద కోపం మాత్రం పోలేదు.

ఎనిమిదో ఏట తల్లి పోయింది. ఆ వారంలోనే తండ్రి రుజ్జేరో ఆమె బట్టలన్నీ ఎవరికో ఇచ్చేసి, కొడుకుని మేనత్త ఇంట్లో దింపాడు. ఆయనది పాలరాతి గనిలో పని. ఆదివారాలు వచ్చి, నాలుగు నారింజపళ్లు బల్ల మీద పెట్టి, "బాగా చదువుతున్నావా?" అని అడిగి వెళ్లిపోయేవాడు. తల్లి ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు.

ఆ తండ్రి ఇవాళ మఠం గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

తుల్లియో తన గురువు ఫాదర్ సెవెరినో గదికి వెళ్లి నిలబడ్డాడు.

"నేను కిందికి వెళ్లను ఫాదర్. ముందు ఆయన్ని అమ్మ పేరు పలకమనండి. ఇరవై రెండేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నాను."

మర్నాడు ఆత్మల పండుగ. ప్రార్థనలో చదవాల్సిన, చనిపోయినవాళ్ల పేర్లు రాస్తున్నాడు గురువు. తలెత్తకుండానే కలం సిరాలో ముంచాడు.

"ఆరేళ్లలో నువ్వు మీ అమ్మ పేరు రాయించలేదు. చెప్పు, రాస్తాను."

తుల్లియో నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించాడు. పెదవులు కదిలాయి గాని శబ్దం లేదు. మేనత్త ఇంట్లో ఎవరో ఆ పేరెత్తితే, చెవులు మూసుకుని మంచం కిందికి దూరిన రోజు గుర్తొచ్చింది. ఆ తర్వాత తానూ ఎవరి దగ్గరా ఆ పేరు అనలేదు.

కలం కొసన సిరా ఆరిపోయింది. గురువు మళ్లీ ముంచాడు.

తుల్లియో గిరుక్కున తిరిగి మెట్లు దిగాడు. వెళ్లి తండ్రి పక్కనే కూర్చున్నాడు.

"నాన్నా, రేపటి ప్రార్థనకి అమ్మ పేరు ఇవ్వాలి. నాకు నోరు పెగలడం లేదు. నువ్వు రా."

రుజ్జేరో చేతిలో టోపీని చాలాసేపు నలిపాడు.

"నాకూ రాదురా," అన్నాడు చివరికి.

"అయినా వెళదాం."

ఇద్దరూ మెట్లెక్కి గురువు ముందు నిలబడ్డారు.

"ఒర్..." అని తండ్రి ఆగిపోయాడు. కొడుకు ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"...నెల్లా," అని తనే పూర్తి చేశాడు.

గురువు 'ఒర్నెల్లా' అని పూర్తిగా రాసి, సిరా ఆరనిచ్చి, కాగితం వాళ్ల చేతికిచ్చాడు.

"రేపు ఈ పేరు నేను చదవను. మీరిద్దరే చదవాలి," అన్నాడు.