భట్టుగారి మెడలో ఉత్త దారం

నమ్మవని తెల్సు. పందెం కాస్తావా? నీ ఎలిక్సిర్ ప్రోగ్రామ్‌లో అక్కర్లేని ముక్కలు వెతికి తీసెయ్యడానికి రెగెక్స్ రాస్తే కావాల్సిన ముక్క కూడా మింగేసిందని నిన్న ఏడ్చావ్ చూడు జగ్గూ, అదే పని ఎప్పుడో ఒక రాజుగారి కొలువులో జరిగింది. కంప్యూటర్ లేకుండా. నవ్వకు, చదువు.

మొగలిపట్నం రాజు చిత్రాంగుడికి పొగడ్తలంటే విసుగెత్తింది. ఆ ఊళ్ళో అర్జీ రాసే పద్ధతి అలాంటిది మరి. తాటాకు మీద ముందు "శ్రీమత్" అని మొదలెట్టి, రాజుగారి తాతముత్తాతల్ని పొగిడి పొగిడి "జయము" అని ఆపాలి. అప్పుడు అసలు గోడు. చివర్లో మళ్ళీ శ్రీమత్, మళ్ళీ పొగడ్త, మళ్ళీ జయము.

"ఈ పొగడ్తలు పీకేసి అసలు మాట నాకు వినిపించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు రాజు.

ఆస్థాన పండితుడు సర్వజ్ఞభట్టు లేచాడు. ఆ పేరు వాళ్ళమ్మ పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు.

"ఒక్క సూత్రం చాలు ప్రభూ. శ్రీమత్ దగ్గర మొదలుపెట్టు, జయము దగ్గర ఆపు, ఆ ముక్క తీసెయ్."

రాజుగారికి తాంబూలం అందించే బొల్లన పక్కనే ఉన్నాడు. కొలువు మొత్తానికి నోరెక్కువ వాడికే.

"ఏ జయము దగ్గర భట్టుగారూ?"

"జయమంటే జయమే. నువ్వు ఆకులు చుట్టుకో బొల్లనా, ఇది నీకు ఎక్కేది కాదు."

లేఖకుల్ని వరసగా కూచోబెట్టారు. ఒక్కొక్కడిది ఒక్కటే పని. ఒకడు శ్రీమత్ వెతుకుతాడు. పక్కవాడు జయము వెతుకుతాడు. ఆ పక్కవాడు ఆ ముక్క వదిలేసి మిగిలింది కొత్త ఆకు మీద రాస్తాడు. పాత ఆకు జోలికి మాత్రం ఎవడూ పోడు, అది అలాగే ఉంటుంది. అచ్చం నీ ప్రోగ్రామ్‌లో ఫంక్షన్లే రా, ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి.

"ఒక్క పొగడ్త మిగిలినా మీ సంగతి చెప్తా" అని భట్టు కళ్ళెర్రజేశాడు.

దాంతో జయము వెతికేవాడు హడలిపోయాడు. మొదటి జయము దగ్గర ఆగితే వెనకాల ఇంకోటి ఉందనుకో? ఎందుకొచ్చిన గొడవని ఆకు చివర్నుంచి వెతకడం మొదలెట్టాడు. ఇంకేముంది, మొదటి శ్రీమత్ నుంచి ఆఖరి జయము దాకా మొత్తం పోయింది. మధ్యలో ఉన్న గోడుతో సహా.

కొత్త ఆకులన్నీ ఖాళీ.

"చూశారా ప్రభూ" అన్నాడు భట్టు, "మీ రాజ్యంలో ఎవరికీ ఏ బాధా లేదు. వట్టి పొగడ్తలే."

రాజు పొంగిపోయాడు. "అయితే రేపట్నుంచి అర్జీల సభ బంద్. సాయంత్రం నిండు కొలువులో భట్టుకి మల్లెల మాల."

కోట గుమ్మం దగ్గర ఎర్రక్క నిలబడి ఉంది. ఆమెకి చెరకు తోట ఉంది. రాజుగారి ఏనుగు ఏటికి పోయేది ఆ తోటలోంచే. పోతూ తింటది, వస్తూ తింటది. ఇలాగే సాగితే గానుగకి ఒక్క గడ కూడా మిగలదు. సభ మూసేస్తే ఆ గోడు వినే దిక్కే లేదు.

"బొల్లనా, నా ఆకు చదివారా?"

"చదివారక్కా. పొగడ్త ఉందన్నారు."

"పొగడ్త సంగతి సరే, ఏనుగో?"

"ఏనుగు ఎగిరిపోయింది."

"ఎగిరిపోతే ఇందాక మా తోటలో నములుతున్నదేంటయ్యా?"

బొల్లన ఒక్క నిమిషం బుర్ర గోక్కున్నాడు. తర్వాత నేరుగా రాజు దగ్గరికి పోయి, "భట్టుగారి మాల నేనే తెస్తా" అన్నాడు.

సాయంత్రం కొలువు నిండిపోయింది. బొల్లన వెండి పళ్ళెం మీద పట్టుగుడ్డ కప్పి తెచ్చాడు. భట్టు అప్పటికే మెడ వంచేసి రెడీగా ఉన్నాడు. రాజు గుడ్డ కింద చెయ్యి పెట్టి, తీసింది చూసుకోకుండా మెడలో వేసేశాడు.

ఉత్త దారం. ఒక్క పువ్వు లేదు.

"మల్లెలేవిరా?" అన్నాడు రాజు.

"మాల బాగానే కట్టారు ప్రభూ. రెండు కొసల్లో మాత్రం వాడిపోయిన పూలు పడ్డాయి. ఒక్కో వాడిన గుత్తికి అటూ ఇటూ మరువం ఉంది. సరే అని పూలవాళ్ళకి భట్టుగారి సూత్రమే చెప్పా. మరువం దగ్గర మొదలుపెట్టు, మరువం దగ్గర ఆపు, ఆ ముక్క తీసెయ్. వాళ్ళు ఈ కొస మరువం నుంచి ఆ కొస మరువం దాకా లాగేశారు."

భట్టుకి ఒళ్ళు మండింది. "బుద్ధుందా వాళ్ళకి? మొదలుపెట్టాక ఎదురైన మొదటి మరువం దగ్గరే ఆగొద్దూ? ఆఖరిదాకా పోతే మధ్యలో మంచి మల్లెలు పోవూ?"

బొల్లన చేతులు కట్టుకున్నాడు.

"ఆ ముక్క లేఖకులకి కూడా చెప్పుంటే ఎంత బావుండేది భట్టుగారూ."

(నీ రెగెక్స్‌లో స్టార్ గుర్తు పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టమని నేను మొత్తుకునేది ఇదే. ఉత్త స్టార్ అయితే ఆఖరిదాకా మింగేస్తుంది, క్వశ్చన్ మార్క్ ఉంటే ఎదురైన మొదటిదాని దగ్గర ఆగుతుంది.)

రాజుకి ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. పాత ఆకులు తెప్పించి, ఎదురైన మొదటి జయము దగ్గరే ఆగమని చెప్పి మళ్ళీ తీయించాడు. తల దగ్గర పొగడ్త పోయింది, తోక దగ్గర పొగడ్త పోయింది, మధ్యలో ఏనుగు బయటపడింది.

"అయ్యా, మీ ఏనుగు నా తోట నమిలేస్తోంది. నేనేం నమలాలి?" అని చదివాడు లేఖకుడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర ఎర్రక్క కూడా నవ్వింది, ఏనుగుని అవతలి గట్టు మీదుగా తిప్పమని, పోయిన చెరకుకి సరిపడా సొమ్ము కోటలోంచి ఇమ్మని రాజు చెప్పాక.

"ప్రభూ, ఈ దారం తీసెయ్యనా?" అన్నాడు భట్టు మెల్లగా.

"ఉండనీ, నీకు బావుంది" అని రాజు తన చేతి కడియం ఊడదీసి బొల్లనకి తొడిగాడు. బొల్లన ఆ కడియం తిప్పి తిప్పి చూసుకుని, భట్టు వైపు తిరిగి ఏమన్నాడో తెల్సా, అసలు హైలైట్ అదీ, వాడు

ఉండు అమ్మ అరుస్తోంది. గ్యాస్ బండ వచ్చిందంట, మొయ్యాలంట. పోతున్నా